కండ్ల గోడకు స్కేలు పెట్టిన కామరాజు సారు

నాచారం నుంచి ఉప్పల్‌కు అడ్డంబడి పోయే గల్లీల, టింబర్ డిపో గోడ అయిపోంగనే ఒక ఖాళీ ఇల్లుండె. మీకందరికి ఎర్కే. కండ్ల గోడ ఇల్లు. పోయిన నెల కూలగొట్టిన్రు కాబట్టి ఇప్పుడు నోరు ఇప్పుతున్న. అది నిలబడి ఉన్నన్ని దినాలు ఎవ్వరికి చెప్పనని మాటిచ్చిన. ఏడాదిన్నర కడుపుల పెట్టుకున్న. నన్ను ఎర్కున్నోళ్లు దెయ్యాన్నన్న నమ్ముతరు గాని దీన్ని నమ్మరు.

రాత్రి తొమ్మిది దాటితే ఆ గల్లీలకు ఒక్క షేర్ ఆటో రాకపోతుండె. రామంతాపూర్ దిక్కుకెల్లి తిరిగి పోతుండిరి. ఎందుకంటె… ఆ ఇంటి ముందుగోడ మీద, కిటికీ పక్కన, రెండు కండ్లు.

మనిషి కండ్లు గావు. గుండ్రంగ, నల్లగ, చుట్టూత తెల్ల గీత. ఒక దినం ఉంటయి. పెద్ద వాన పడ్డ తెల్లారి ఉండయి. మల్ల నాలుగు దినాలకు వస్తయి — ఈసారి కిటికీకి అవతల పక్క.

ఇగ కథలు సూడాలె. కోడలు ఉరేసుకున్నదని ఒకరు. కాదు, అత్తనే అని ఒకరు. ఎవరిని అడిగినా "మా బామ్మర్ది సూసిండు" అంటరు. ఆ బామ్మర్ది ఎవడో ఇప్పటిదాక నాకు దొరకలే. నేనైతే నమ్మలే. నమ్మలే గాని రాత్రిపూట అటు పోలే గూడ, అది వేరే సంగతి.

అట్ల ఉండంగ ఒక రాత్రి మన సన్నీ లేడా, సి-బ్లాకు సన్నీ, ఐటీ పోరడు — నైట్ షిఫ్టుకు బండి మీద పోతున్నడు. ఆ ఇంటి మలుపుల ఫోనొచ్చిందని ఆగిండు. హెడ్‌లైటు పోయి గోడ మీద పడ్డది. కండ్లు.

ఫోను జూమ్ జేసి ఒక్కటంటె ఒక్క ఫొటో కొట్టి ఉరికిండు. ఉప్పల్ రోడ్డు ఎక్కేలోపల రెండుసార్లు కింద పడ్డడు. మోచేయి దోక్కపోయినా ఫొటో మాత్రం కాలనీ గ్రూపుల పెట్టిండు. కింద రాసిండు — "గైస్, ఇట్ ఈజ్ రియల్."

రెండు వందల పద్నాలుగు మంది గ్రూపు. యాభై మూడు మంది దండం గుర్తు పెట్టిన్రు. దెయ్యానికి దండం. నేను లెక్కవెట్టిన, నిద్ర రాక.

తెల్లారంగ ఐదున్నరకు ఒక మెసేజొచ్చింది, మా పై పోర్షన్ కామరాజు సారు కాడికెల్లి.

"ఇది దెయ్యం కాదు. మాత్. గుడ్లగూబ మాత్ అంటారు. వర్షారణ్యాల్లో ఉంటుంది. ఆడది."

ఆడది అంట. చూసిన్రా.

సారు సంగతి తెల్వనోళ్లకు చెప్త. కాకినాడ దిక్కు మనిషి. ఇక్కడ ఒక గవర్నమెంటు కంపెనీల ముప్పై ఒక్కేండ్లు డ్రాయింగ్ సెక్షన్ల గీతలు గీసి రిటైరైండు. గీ మాట జర గుర్తువెట్టుకోండ్రి — డ్రాయింగ్ సెక్షన్.

రిటైరైనంక పొద్దంతా ఒకటే పని. మాత్‌లు. మనం దీపం పురుగులు అంటం గదా, గవే. యాడనో దూరం అడవులల్ల, వాన ఆగని కాడ, రాత్రి లైటు పెట్టి తెల్ల బట్ట కడ్తరంట. వేల పురుగులొచ్చి దాని మీద వాల్తయి. ఫొటోలు దీసి ఒక వెబ్‌సైటుల పెడ్తరు. సారసొంటోళ్లు ఇంట్ల కూసోని, అది ఏ పురుగో పేరు చెప్తరు. ఒక్కనాడన్న అడవికి పోయిండా అంటె, పోలే. వాన పడితె ఉప్పల్ చౌరస్తా దాటడు, వర్షారణ్యం మాట్లాడ్తడు.

ఒకసారి నాకు చూపిచ్చిండు. రెండు పురుగులు. రెండూ మన్ను రంగే.

"రెండు ఒక్కటే గదా సారూ," అన్న.

"అయ్యో, బాగా చూడండి. దీని గీత ఇక్కడ విరిగింది. దానిది విరగలేదు. రెండిటికీ చుట్టరికం కూడా లేదు," అన్నడు. నేను వాటి పిల్లను వీటికి ఇస్తున్నట్టు.

కాని ఊకె అనద్దు, ఆ వెబ్‌సైటుల సారుకు ఒక టిక్కుండె. పక్కా మనిషి అని. సారు ఔనంటేనే పేరు ఖాయమైతది. పదకొండు సంవత్సరాలకు వచ్చిన టిక్కు. ఇంటికి ఎవరొచ్చినా టీ కంటె ముందు అదే చూపెడ్తుండె.

ఆ టిక్కు మీదికే వచ్చింది. అంతకుముందు వానకాలం ఒక ఫొటోల తెల్లగ, నల్లగ ఏందో కనవడితె, "ఇది ఎవరూ చూడని మాత్" అని పేజీ నిండ రాసిండు. దానికి బెంగుళూరుకెల్లి హృషికేశ్ అని, ఆ వెబ్‌సైటు పెద్ద — పెద్ద అంటె ఇరవై ఎనిమిదేండ్లు — రెండే ముక్కలు పెట్టిండు. "సర్, పిట్టరెట్ట."

అందరి ముందట. కొన్ని మాత్‌లు నిజంగనే పిట్టరెట్ట లెక్క ఉంటయంట, సారు నాకు గంటసేపు చెప్పిండు. ఉంటె ఉండనియ్. ఇది మాత్రం పిట్టరెట్టనే. ఇంకొక్కసారి ఇట్లయితె టిక్కు తీసేస్త అన్నడు పోరడు.

గసొంటి మనిషి పోయి, సన్నీ ఫొటోను ఆ వెబ్‌సైటుల పెట్టిండు. పేరు రాసిండు. ఊరు నాచారం అని రాసిండు. గంటల హృషికేశ్ జవాబు — "హైదరాబాద్‌లోనా? స్కేలు ఏది?"

స్కేలంటె, పురుగు పక్కన ఏదన్న కొలత వస్తువు. అది లేకుంటె ఫొటోల ఉన్నది వేలంత ఉందో చెయ్యంత ఉందో తెల్వదు. వారం టైమిచ్చిండు. స్కేలు పెట్టి తీసిన ఫొటో రావాలె. లేకుంటె టిక్కు పోతది.

ఇంట్ల ఉదయశ్రీ మేడం ఒప్పుకోలే. "ముప్పై ఏళ్లు ఆఫీసులో గీతలు, ఇప్పుడు ఇంటినిండా పురుగులు. ఆ దెయ్యమే నయం, ఒక్కచోట ఉంటుంది," అన్నది. నేను మెట్ల మీదనే ఉన్న, విన్న. సారు లోపలికి పోయి ఆఫీసు నాటి స్టీలు స్కేలు, ఆరంగుళాలది, తుడిచి జేబుల పెట్టుకున్నడు.

ఇగ ఇక్కడికెల్లి సారు నాకు చెప్పింది చెప్పినట్టు చెప్త.

గురువారం. పదకొండు దాటింది. గల్లీల ఒక్క స్తంభం లైటే — అది గూడ డిపో కొసకు, ఆరుకుంట వెలుగుకుంట. పగలు లారీలొచ్చి పోయినయి, పచ్చి మొద్దుల వాసన గల్లీ నిండ. కుక్క గూడ లేదంట. మన గల్లీల కుక్క లేని చోటు ఉన్నదంటె అదే సగం భయం.

టార్చికి ఎర్ర కాయిదం చుట్టిండు. తెల్ల లైటు పడితె మాత్ లేచిపోతదంట. ఎర్రటి వెలుగుల గేటు గొలుసు… ఎండిన గడ్డి… అరుగు… కిటికీ.

కండ్లు.

ఉన్నయి. కిటికీకి ఎడమ పక్క. సారు ఆగిపోయిండు. దెయ్యమని గాదు — పురుగు లేచిపోతదని. ఊపిరి తగిలినా లేస్తదంట. కండువ మూతికి కట్టుకున్నడు. ఒక్కొక్క అడుగు… చెప్పులు ఇడిసి, వట్టి కాళ్లతోని…

కండ్లు కదల్లే.

దగ్గరికి పోయినకొద్దీ కనవడ్తున్నయి — కండ్ల పొంటి రెక్కలు. రెక్కల మీద చెక్క పొరలసొంటి అలలు. నడుమ లావుపాటి కడుపు. పుస్తకంల ఉన్నది ఉన్నట్టు. "నా గుండె చప్పుడుకే లేచిపోతుందేమో అనుకున్నానండీ," అన్నడు.

స్కేలు తీసిండు. మెల్లగ… రెక్క పక్కన పెట్టిండు.

ఆరంగుళాలు అయిపోయింది. రెక్క అయిపోలే.

స్కేలు జరిపిండు. ఇంకొక ఆరంగుళాలు. రెక్క అయిపోలే.

మల్ల జరిపిండు. పద్దెనిమిది అంగుళాలు… అప్పుడు అయిపోయింది.

ఆ పురుగు మహా అయితె ఆరంగుళాలంట. ఈ భూమి మీద పద్దెనిమిది అంగుళాల మాత్ లేదు. సారుకు ఎర్క, పదకొండేండ్లు అదే చూసిండు. అయినా చూడుండ్రి బుద్ధి — ముందుగాల స్కేలుతోని ఫొటో తీసిండు. తర్వాత భయపడ్డడు.

వేలు ముందుకు పెట్టిండు. రెక్క మీద రాసిండు.

వేలికి పొడి అంటింది. నల్లగ.

మాత్‌ను ముట్టుకుంటె రెక్కల పొడి అంటుతది, అది నిజమే. సారు పాణం జర లేచొచ్చింది. వేళ్ల నడుమ నలిపిండు. జిడ్డు. ముక్కు కాడ పెట్టిండు…

ఆముదం.

అప్పుడు చెవి ఎన్కనుంచి, బాగా దగ్గరికెల్లి, మెల్లగ —

"తుడువకు సారూ…"

స్కేలు చేతులకెల్లి జారి అరుగు మీద పడ్డది. టంగుమని. ఆ చప్పుడు తనకు ఇప్పటికీ వినవడ్తదంట. కొంచెంసేపు ఏం జరిగిందో సారు నాకు చెప్పలే, నేను అడగలే.

తిరిగి చూస్తె ఒక ఆడమనిషి. బక్కగ, తలనిండ కొంగు కప్పుకోని. చేతుల చీపురుకట్ట.

"ఎ… ఎవరమ్మా నువ్వు?"

"గట్టిగ మాట్లాడకు. గల్లీ కొసకు వింటరు. నేను తారామణిని. వాచ్‌మన్ పెండ్లాన్ని."

వాచ్‌మన్ అప్పటికి రెండేండ్ల కింద సచ్చిపోయిండు. ఇంటి ఓనర్లు అన్నదమ్ములు, కోర్టుల కొట్లాట. ఎవరూ రారు, పొమ్మని గూడ అనరు. ఎన్క రూముల ఈమె ఒక్కతే ఉంటున్నది. పొద్దున నాచారం మెస్సుల గిన్నెలు తోముతది, చీకటిపడ్డంక ఎన్క గోడ సందుకెల్లి లోపలికొస్తది. కాలనీల ఒక్కరికి తెల్వదు. రెండు వందల పద్నాలుగు మంది దెయ్యాన్ని చూసిన్రు గాని మనిషిని చూడలే.

సారు గోడ దిక్కు చూపెట్టిండు. "ఇది… నువ్వు గీశావా?"

"ఆముదం కాటుకతోని. తెల్లది సున్నం. పెద్ద వానకు కారిపోతది, మల్ల గీస్త."

"ఎక్కడ చూసి గీశావమ్మా? ఈ అలలు… ఈ కంటి పక్క చుక్కలు…"

"ఈడనే కూసుంది సారూ. పోయినేడు వానల్ల డిపోల కొత్త మొద్దులు దించిన్రు. తెల్లారి గోడ మీద గింతున్నది." రెండు అరచేతులు పక్కపక్కన పెట్టి చూపెట్టింది. "అప్పటిదాక రోజు రాత్రి తాగుబోతులు తాగనీకి అరుగు మీదికి వస్తుండిరి. బండి లైటుల దాన్ని చూసి ఉరికిన్రు. రెండు రాత్రులు కూసుంది. రెండు రాత్రులు కమ్మగ పండుకున్న. మూడో రాత్రి అది పోయింది… వాళ్లొచ్చిన్రు. నా తలుపు తన్నిన్రు."

చీపురుకట్ట గోడకు ఆనిచ్చింది.

"తెల్లారి గీసిన. దూరం నుంచి కనవడాలె గదా, జర పెద్దగ గీసిన."

ఇగ సారు ఏమడగాలె ఆ టైముకు? మనమైతె ఏమడుగుతం? సారు అడిగింది ఇదీ — "అమ్మా, కంటి పక్క చుక్కలు మూడా, నాలుగా?"

"నాలుగు. సరిగ్గనే గీసిన."

"కడుపు ఇంత లావుగా…"

"లావుగనే ఉండె. గుడ్లతోని ఉన్నట్టుండె."

ఆడది.

పన్నెండున్నరకు మా తలుపు కొట్టిండు. మేడంకు చెప్పే ధైర్యం లేక నా కాడికొచ్చిండు. నీళ్లిచ్చిన. అంతా విన్న. విని, ఊకుంటనా నేను.

"సారూ, ముప్పై ఒక్కేండ్లు డ్రాయింగ్ సెక్షన్ల జేసినవు. డ్రాయింగ్‌ను పట్టుకోని పురుగన్నవు. ఆడదో మగదో గూడ చెప్పినవు. జాతకం ఒక్కటి రాయలే," అన్న.

"అవునండీ," అన్నడు. నవ్వలే. నవ్వితె బాగుండు అనిపిచ్చింది.

"మరి గట్లనే రాయి ఆ పోరనికి. బొమ్మనే గాని, నిజం పురుగును చూసి గీసింది అని. నీ పేరు నిలవడ్తది."

"బొమ్మలు తీసుకోరండీ. తీసుకున్నా… వర్షారణ్యం మాత్ నాచారంలో వాలిందంటే, రేపు కెమెరాలేసుకుని వంద మంది దిగుతారు. కండ్ల గోడ బొమ్మేనని ఊరంతా తెలుస్తుంది. అప్పుడు ఆ తాగుబోతులకీ తెలుస్తుంది కదండీ." నీళ్ల గ్లాసు అట్లనే పట్టుకోని కూసున్నడు. "ఆవిడ తలుపుకి గడియ కూడా లేదు. నేను చూశాను."

అప్పుడు తీసుకున్నడు నా కాడ మాట.

తెల్లారి వెబ్‌సైటుల రాసిండు. "నా పొరపాటు. ఇదేమిటో గుర్తుపట్టలేను." హృషికేశ్ జవాబు — "ఓకే సర్." పొద్దుమూకెవరకు టిక్కు పోయింది. పదకొండేండ్ల టిక్కు, ఓకే సర్ అని పోయింది.

మన గ్రూపుల ఇంకొకటి పెట్టిండు. "కండ్ల గోడ దగ్గరికి వెళ్లి చూసి వచ్చాను. మాత్ కాదు. రాత్రిపూట ఎవరూ అటు వెళ్లకండి."

ఇగ మీ తమాషా చూడాలె. కామరాజు సారే అన్నడంటె, సైన్సు మనిషే అన్నడంటె, ఇగ దెయ్యం ఉన్నట్టే. ఆటో బుచ్చిరాములు తొమ్మిదింటికి బంద్ జేసేటోడు ఏడింటికే బంద్ జేసిండు. సన్నీ తాయెత్తు కట్టిచ్చుకున్నడు, రెండు చేతులకు. మీల కొందరు అమాసకు పోయి గేటు కాడ కొబ్బరికాయలు కొట్టొచ్చిన్రు — పేర్లు చెప్పాల్నా? ఆ కాయలు ఏమైనయో నాకెర్క. తారామణి పచ్చడి జేసింది. నాకు గూడ ఒక గిన్నె పంపింది. మంచిగున్నది.

అట్ల ఏడాదిన్నర. సారు ఫోనుల మాత్‌లు చూసుడు బంద్ జేసిండు. టీ ఇచ్చేముందు చూపియ్యనీకి ఏం లేదు. మేడం గూడ ఒకనాడు నాతోని, "పురుగులే నయమమ్మా, అప్పుడు మనిషి మాట్లాడేవాడు," అన్నది.

పోయిన నెల అన్నదమ్ములు రాజీ పడ్డరు, ఇల్లు కూలింది. మన బిల్డింగుల మెట్ల కింద వాచ్‌మన్ రూము ఖాళీగనే ఉండె గదా. సారు, నేను మాట్లాడి తారామణిని అందుల పెట్టినం. కొత్త వాచ్‌మన్‌గ ఎవరో ఆడమనిషిని పెట్టిన్రు, ఎందుకు పెట్టిన్రు అని మీటింగుల అడిగిన్రు గదా… ఎందుకంటె ఆమెనే మీ దెయ్యం. మొన్న మీ కూరగాయల సంచి పైకి మోసుకొచ్చింది గూడ ఆమెనే.

కథ ఇక్కడికి అయిపోవాలె. అయిపోలే.

మొన్న సోమవారం. రాత్రంత వాన. ముందటి దినమే డిపోల లారీ దించిన్రు, మీరందరు హారన్‌కు తిట్టుకున్నరు. పొద్దుగాల ఐదింటికి, ఇంకా చీకటే, సారు పాలకు కిందికి దిగిండు. గేటు పిల్లర్ మీద, ట్యూబ్‌లైటు కింద —

కండ్లు.

సారుకు భయం గాలే. కోపమొచ్చింది. ఇల్లొచ్చె, గడియొచ్చె, ఇంకెందుకు ఈమెకు ఈ పని, కాలనీ లేస్తె మల్ల లొల్లి అయితది అనుకున్నడు. రూము తలుపు దిక్కు చూసి, "తారామణమ్మా, ఇక్కడ కూడా గీశావా తల్లీ," అనుకుంట, నల్లా కాడ బట్ట తడుపుకున్నడు.

చిన్నగనే ఉన్నదంట. రెండు అరచేతులంత. "పిల్లర్ సన్నం కదా, సరిపోయేలా చిన్నగా గీసింది అనుకున్నానండీ," అన్నడు నాతోని.

జేబుల ఫోనున్నది. స్టీలు స్కేలు ఉన్నది, ఇప్పటికీ అంగీ జేబులనే పెట్టుకోని తిరుగుతడు. దేన్నీ తియ్యలే.

తడి బట్ట పెట్టి ఒక్కసారి తుడిచిండు.

బొమ్మ లేచింది.

చప్పుడు గూడ లేదంట. ట్యూబ్‌లైటు చుట్టూత ఒక్క సుట్టు తిరిగింది… నీడ గేటు నిండ పడ్డది… డిపో గోడ దాటి చీకట్లకు పోయింది.

తారామణి తలుపు తీసింది. "ఏంది సారూ?"

"నువ్వు… గీయలేదా?"

"నేనెందుకు గీస్త? కాటుక డబ్బ ఆ ఇంట్లనే మట్టిల పోయింది గదా."

సారు పాలు తేలే. సీదా మా తలుపు కాడికొచ్చిండు, చేతుల బట్ట పట్టుకోని. అంతా చెప్పిండు. నాకు నవ్వు పొంగుకొస్తున్నది — అప్పుడు బొమ్మను పట్టుకోని పురుగన్నడు, ఇప్పుడు పురుగును పట్టుకోని బొమ్మ అన్నడు. ఎట్ల అనాల్నో మాట గూడ తయారు జేసి పెట్టుకున్న.

సారు బట్ట మడత ఇప్పిండు. దాని మీద పొడి. బూడిదరంగుది, సన్నగ, లైటుకు జర మెరుస్తున్నది.

"వాసన చూడండి," అన్నడు. "ఆముదం వాసన వస్తుందా? మీరు చెప్పండి. నేను చెబితే నమ్మరు."

చూసిన. మల్లొక్కసారి చూసిన.

రాలే.